పదునొకండు గ్రుడ్లు

కోడికూర తినుట గౌరవము, కోడిని పెంచుట అగౌరవము. ఇది మా అత్తవారింటి ధర్మశాస్త్రము. నేను 1979వ సంవత్సరమున కోడలినై ఏన్కూరునకు వచ్చితిని. ఈ శాస్త్రమును నాకెవ్వరును నోట చెప్పలేదు గాని, కొలది దినములలోనే నాకది కంఠస్థమయ్యెను. మా మామగారు కృష్ణా తీరమునుండి వచ్చి, ఇచట భూమి కొని, మిరప, ప్రత్తి పండించుచు స్థిరపడినవారు. తల్లాడనుండి కొత్తగూడెము పోవు బాటమీద మా ఊరున్నది. బాట దాటినచో చేలు. చేలు దాటినచో టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి. మా పెరడు విశాలమైనది. అందు గేదెలకు కొట్టము, కుక్కకు గోనెసంచి పఱపు, పిల్లికి వంటయింటి గడప, కోతులకు జామచెట్టు కలవు. కోడికి మాత్రము చోటు లేదు. "కోళ్ళు గెలికిన వాకిలి సంసారుల వాకిలా?" అని మా అత్తగారనెడివారు. కోళ్ళు గూడెమువారికి, తండావారికి తగినవట! అయినను పండుగ వచ్చినను, అల్లుడు వచ్చినను మా ఇంట కోడి ఉడుకక మానెడిది కాదు. అది ఎవరి ఇంటినుండి వచ్చినది, దానికేమి ఇచ్చితిమి అని అడుగుట మాత్రము మా ఆచారములో లేదు.

నేను ముప్పదినాలుగేండ్లు పిల్లలకు చదువు చెప్పి 2014లో ఉద్యోగ విరమణ చేసితిని. ఆ ముప్పదినాలుగేండ్లలో "కోడి వలన ఉపయోగములు" అను ప్రశ్నకు ఎన్ని వందల మందిచేత జవాబు వ్రాయించితినో లెక్కలేదు. ఒక్క కోడినైనను చేతపట్టి ఎఱుగను. నా ఎదుట కూర్చుండిన కోయపిల్లలు, లంబాడా పిల్లలు తెల్లవారి కోళ్ళను విడిచి, సాయంకాలము గంప క్రింద కమ్మి, గద్దను చూచి కేకలు వేసి వచ్చినవారు. వారికి నేను కోడిని గూర్చి పాఠము చెప్పితిని! ఇప్పుడు తలచుకొన్నచో నవ్వు వచ్చుచున్నది. అప్పుడు మాత్రము వారికి మార్కులు తగ్గించితిని.

అత్తగారు అప్పటికి కాలముచేసిరి. విరమణ అయిన మూడవ నెలలో మా కుమారుడు హైదరాబాదునుండి ఒక అట్టపెట్టెలో ఇరువది కోడిపిల్లలను తెచ్చెను. రాజేంద్రనగరములోని కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకము కొఱకే సిద్ధపఱచిన వనరాజ జాతివి అవి. మన నాటు పెట్ట ఏడాదికి 50, 60 గ్రుడ్లు పెట్టును; వనరాజ నూఱుకు పైబడి పెట్టును. మావారు పెట్టెలోనికి తొంగిచూచి, "నీకు పింఛను చాలుటలేదా?" అని మాత్రము అడిగి వార్తాపత్రికలో తల దూర్చిరి. ఆ దినమునుండి నేటివఱకును వారు కోళ్ళను గూర్చి పలికిన మాటలన్నియు ఇట్టివే. అయినను ఉదయము నేను గూడు తెఱచుట ఒక్క నిముసము ఆలస్యమైనచో, నా వెనుక వచ్చి దగ్గుచు నిలుచువారు వారే.

కోడి పెంపకమున మొదటి పాఠము దీనత్వము. గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉండవలెనని పుస్తకములో చదివి కట్టించితిని; తలుపు సందు రెండు వ్రేళ్ళ వెడల్పు మిగిలెను. ఆ సందులోనుండి ముంగిస వచ్చి ఒక్క రాత్రిలో ఆఱింటి మెడలు కొఱికి, ఒక్కదానినైనను తినక పోయెను. గద్ద రెండింటిని తీసికొనిపోయెను. అడవిపిల్లి ఒకదానిని. మిగిలిన పదునొకండును పెరటిని చూచుకొనుట నేర్చుకొన్నవి. గద్ద నీడ నేలపై పడగానే పుంజు ఒక విధముగా కూయును, కుక్క వచ్చిన మఱియొక విధముగా కూయును. ఆ రెండు కూతలకును భేదము నాకు తెలిసినది ఏడాదికి. పిల్లలకు పుట్టిన వారమునకే.

ఈ గద్దనీడ జ్ఞానము వనవాసపు వారసత్వము. ప్రపంచములోని ఇంటికోళ్ళన్నిటికిని మూలపురుషుడు ఎఱ్ఱ అడవికోడి యని డార్విను నిశ్చయించెను. అయితే 2008లో స్వీడను దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయమువారు కోళ్ళ జన్యువులను పరిశీలించి, ఇంటికోళ్ళ కాళ్ళకును చర్మమునకును పసుపుపచ్చదనము తెచ్చిన గుణము ఎఱ్ఱకోడిది కాదనియు, దక్షిణ భారతములోని బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదనియు కనుగొనిరి. ఈ రెండు అడవికోళ్ళకును మన గోదావరి ప్రాంతమే ఎల్లయని పక్షిశాస్త్రజ్ఞులు చెప్పుదురు; ఉత్తరమున ఎఱ్ఱది, దక్షిణమున బూడిదది. అనగా మా భద్రాచలపు టడవులు ఈ రెండు వంశములకును పొలిమేర. మా పెరటిలో పసుపుపచ్చని కాళ్ళతో నడచు పెట్టను చూచినప్పుడెల్ల నాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చును. కోడి మా వాకిటికి తగదన్న మా అత్తగారి కుటుంబము ఇచటికి వచ్చి రెండు తరములైనది; కోడి వంశము ఎన్ని వేల యేండ్లనుండి ఈ అడవిలో నున్నదో!

2016వ సంవత్సరపు వేసవిలో నా కోళ్ళకు కొక్కెర తెగులు తగిలినది. మొదట ఒక పెట్ట మూలకు పోయి రెక్కలు జాఱవేసి కూర్చుండెను. ఆకుపచ్చని రెట్ట, నోరు తెఱచి ఊపిరి, రెండవ దినమున మెడ మెలి తిరిగిపోయెను. వారము తిరుగకముందే పెరడు నిశ్శబ్దమయ్యెను. అప్పటికి నా కోళ్ళు, వాని పిల్లలు కలిసి పదునాలుగు, అన్నియు పోయినవి. ఈ వ్యాధిని 1927 ప్రాంతమున కుమావూ కొండలలోని రాణిఖేతులో గుర్తించిరి గావున మన దేశమున దానికి ఆ ఊరి పేరే నిలిచినది. చికిత్స లేదు, ముందుగా టీకా వేయించుటయే మార్గము. పిల్లకు ఏడవ దినమున కంటిలో ఒక్క చుక్క, పిమ్మట మఱల చుక్క, రెండవ నెలలో సూది. ఇంతే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారములలో పక్షులకు వచ్చిన ఫ్లూ జ్వరము మాట వేఱు. అది వచ్చినచో చుట్టుప్రక్కల పెరటికోళ్ళను కూడ చంపివేయవలసినదే. కొక్కెర అట్టిది కాదు. చుక్కతో ఆగునది. ఆ చుక్క వేయక పోగొట్టుకొనుట మన అజాగ్రత్త.

మఱుసటి ఏడు మఱల పిల్లలను తెప్పించి, టీకామందు కొఱకు పోయితిని. సీసా నా బొటనవ్రేలంత. అందు నూఱు కోళ్ళకు సరిపోవు మందు. నాకున్నవి పండ్రెండు. దానిని మంచులో పెట్టి తేవలెను, కలిపిన తరువాత రెండు గంటలలోపల వాడవలెను, మిగిలినది పాఱబోయవలెను. చిన్న సీసా ఉన్నదా యని అడిగితిని. లేదు. ఇంటికి వచ్చి ఆలోచించితిని. ఎనుబదియెనిమిది చుక్కలు నేలపాలు చేయుట ఒక దారి. ఎనుబదియెనిమిది కోళ్ళను వెదకుట ఇంకొక దారి. అదియునుగాక, ఈ తెగులు గాలిలోను, చెప్పులకంటిన మట్టిలోను, సంతకు పోయి వచ్చిన గంపలోను తిరుగునది. చుట్టును టీకాలేని కోళ్ళుండగా నా పండ్రెండింటికి మాత్రము వేసికొని తలుపు మూసికొన్నచో క్షేమమెట్లు కలుగును? ఇట్లు ధర్మబుద్ధిచేత కాక, సీసా పెద్దదగుటచేత, నేను నా జీవితములో మొదటిసారి కోయగూడెమునకు కాలినడకన పోయితిని. అది మా ఇంటికి అఱమైలు దూరము.

అచట మూడవ ఇంటి పంచలో ఒక ముసలామె కూర్చుండి చెదపురుగులను రాల్చుచుండెను. కుండలో పేడయు గడ్డిచెత్తయు నింపి పుట్ట దగ్గర బోర్లించినచో రాత్రికి చెదలు పట్టును. ఉదయము దానిని కోడిపిల్లల ముందు దులిపినచో అంతకన్న బలమైన ఆహారము లేదు. నా పుస్తకములో ఈ మాట లేదు. నేను సంగతి చెప్పగా ఆమె కోళ్ళనొక్కొక్కటిగా పట్టి ఇచ్చుచుండెను. చివర గంప క్రిందనున్న ఒక పెట్టవైపు నేను చేయి చాపగా, "దాన్ని ముట్టకు పంతులమ్మా, పొదుగుల ఉంది" అనెను.

ఆ గొంతు నేనెఱిగినదే. ఆమె నన్ను గుర్తుపట్టినదో లేదో నాకు తెలియలేదు. నా చేతిలోని సీసా వణకినది.

ఇప్పుడు నేనొక సంగతి వ్రాయవలసియున్నది. ఇది వ్రాయకుండ కోళ్ళను గూర్చి ఎంత వ్రాసినను అది నేను పిల్లలచేత వ్రాయించిన జవాబు వంటిదే యగును. 1981వ సంవత్సరము, కనుమ. మా ఆడపడుచు భర్త వచ్చియుండిరి. తెల్లవారుజామున అత్తగారు పాలేరును గూడెమునకు పంపగా, అతడొక నల్ల పెట్టను కాళ్ళు కట్టి తెచ్చెను. మా తోటలో మిరపకాయ కోయుటకు వచ్చు ఆమె ఇంటిదట. ఆమె ఇంటలేదట, అత్త ఉన్నదట. "కూలిలో చూసుకుందామని చెప్పొచ్చాను" అని అతడనెను. పెట్టను కడుగునప్పుడు దాని కడుపు క్రింద ఈకలు రాలి, చర్మము ఎఱ్ఱగా, వేడిగా ఉండుటను నేను చూచి, రోగమేమో యని అత్తగారితో అంటిని. "ఏమీ కాదు, కానీ" అనిరి. అది రోగము కాదు. పొదుగు పెట్ట తన కడుపువేడి గ్రుడ్లకు నేరుగా తగులునట్లు ఆ చోట ఈకలు రాల్చుకొనును. ఈ సంగతి నాకు తెలియుటకు ముప్పదియైదేండ్లు పట్టినది.

దీపములు పెట్టువేళ ఆమె పెరటి తలుపు కడకు వచ్చెను. చేతిలో గంప, అందు ఊక, ఊకలో పదునొకండు గ్రుడ్లు. పని నుండి వచ్చి, సంగతి విని, అట్లే వచ్చినది. "అమ్మా, పెట్టను కోసిన్రా? కోయకుంటే ఈ గుడ్లు దాని కింద పెట్టండ్రి. పందొమ్మిది దినాలైంది. రెండు దినాలే ఉంది" అనెను. లోపల అల్లుడుగారు విస్తరిముందు కూర్చుండిరి. "కోసినాము" అను ఒక్క మాట నా నోట రాలేదు. చేయి చాపి గంప అందుకొంటిని. ఆమె నా ముఖము వంక చూచి వెడలిపోయెను. ఆ గంపను వంటయింటి అటకమీద పెట్టితిని. పుష్యమాసపు చలి, అడవి అంచున ఆ చలి ఎముకలకు తగులును. నడిరాత్రి అటకమీదనుండి సన్నని కిచకిచ వినవచ్చెను. బల్లి యనుకొంటిని. పందొమ్మిది, ఇరువది దినములకు పిల్ల పెంకులోపలనుండి కూయునని నాకు తెలియదు. తల్లి బయటినుండి బదులు పలుకునని అసలే తెలియదు. తెల్లవారుసరికి ఆ సద్దు లేదు. మూడవ దినమున వాసన వచ్చెనని గంపను పెంటకుప్పపై బోర్లించితిమి.

తెలియక చేసితిని అనుట సులభము. కాని "కోసినాము" అని చెప్పకపోవుట తెలియక చేసినది కాదు. చెప్పియున్నచో ఆమె ఆ గ్రుడ్లను ఏ ఇరుగుపొరుగు పెట్ట క్రిందనో చేర్చియుండును. నా మర్యాద నా నోరు మూసినది.

నిజాము ప్రభుత్వ కాలమున అధికారులు గ్రామములలో మకాము చేసినప్పుడు కోళ్ళు, గ్రుడ్లు, పాలు, కట్టెలు వెల లేకుండ సమర్పింపవలసి వచ్చెడిదని మనము చదివియున్నాము. ఆ వెట్టికి విరోధముగా మాడపాటి హనుమంతరావుగారు మొదలైన పెద్దలు పాటుపడిరి. ఆంధ్ర మహాసభ మూడవ సమావేశము 1934లో మా ఖమ్మముననే జరిగెను. 1948లో ఆ ప్రభుత్వము పోయెను. 1976లో వెట్టిచాకిరిని నిషేధించుచు దేశమంతటికిని చట్టము వచ్చెను. ఈ పాఠములు కూడ నేను బడిలో చెప్పితిని, బాగుగనే చెప్పితిని. చట్టము వచ్చిన అయిదేండ్లకు, చదువుకొన్న కోడలున్న ఇంట, కోడి కాళ్ళు కట్టుకొని వచ్చినది, ధర అడుగబడలేదు. అధికారియొక్క మకాము మన వంటయింటిలోనికి మాఱినదని నాకు తోచలేదు.

ఇంకొక మాట. మనువు స్త్రీధనమును ఆఱు విధములుగా చెప్పెను. అందు కోడి లేదు. కాని మా ప్రాంతపు గూడెములలో చూచినచో, మగవాని అనుమతి లేకుండ ఆడది పెంచి, అమ్మి, ఆ డబ్బు కొంగున ముడివేసికొనగల సొత్తు కోడియే. మేక వచ్చినచో మగవాడు బేరమాడును. ఎద్దు వచ్చినచో అసలే ఆమె మాట లేదు. కోడిని మాత్రము ఎవ్వరును లెక్కింపరు గనుక అది ఆమెది. మందులకు, గాజులకు, మేడారము ప్రయాణమునకు, చచ్చిన రోజు బియ్యమునకు ఆమెకు బ్యాంకు అదియే. ఎవరును లెక్కింపని దగుటచేతనే మేమును దానిని లెక్కింపకుండ తెచ్చుకొంటిమి.

2018లో నేను మఱల ఆ ఇంటికి పోయితిని. ఈసారి నాకు పెట్ట కావలసియుండెను. వరికోతలైన తరువాత వైరా ఆయకట్టు చేలలో బాతుల మందలను మేపువారు దిగియుండిరి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వానికి మేత. నేను వారి దగ్గర తొమ్మిది బాతుగ్రుడ్లు కొంటిని. పొదిగించుటెట్లు? వనరాజ పెట్టలు గ్రుడ్లు పెట్టుటలో దిట్టలు గాని పొదుగునకు కూర్చుండుట అరుదు. మనుష్యుడు ఎక్కువ గ్రుడ్లను కోరి ఎంచిన కొలదియు పక్షి తల్లితనము తగ్గుచువచ్చును. బాతులలోను ఇంతే. ఇంగ్లండులో ఆడీల్ కాంప్‌బెల్ అను గృహిణి 19వ శతాబ్ది చివర తన పెరటిలో నిలువు నడకగల రన్నరు బాతును ఇతర జాతులతో కలిపి ఖాకీ కాంప్‌బెల్ అను జాతిని సృష్టించినది. సిపాయిల దుస్తుల రంగు నుండి దానికా పేరు. ఒక గృహిణి పెరటిలో పుట్టిన ఆ బాతు ఏడాదికి 300 దాక గ్రుడ్లు పెట్టి లోకమంతయు వ్యాపించెను. కాని అదియు పొదుగుట మఱచినది. పొదుగుటకు మఱల నాటు పెట్టయే గతి.

నేను పంచలో కూర్చుండి, పెట్ట మాట ఎత్తకముందు ఆ కనుమ మాట ఎత్తితిని. "అక్కా" అని పిలిచితిని. వెనుకటి దినములలో మా ఇంట ఆమెను పేరుపెట్టి, "ఏమే" యని పిలిచెడివారము. ఆమె నాకన్న పెద్దది. చెప్పవలసినదంతయు చెప్పితిని. ఆమె చేటలోని నూకలు చెఱుగుట ఆపలేదు.

"ఎరికే" అనెను. "మూడో దినం కాయ కోతకు వచ్చినప్పుడు మీ పెంటకుప్ప మీద పెంకులు చూసిన."

"మరి అప్పుడే నన్ను అడగలేదేమక్కా?"

"అడిగితే మల్లా కూలికి పిలుస్తరా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లలను అమ్మి ఏమి చేయదలచితివని అడిగితిని. ఒక్కటా, రెండా, దేనికని గుర్తుంటది అనెను. పెట్ట మాత్రము ఆమెకు గుర్తున్నది. మెడమీద ఈకలు లేనిదట, గద్దమీదికి ఎగిరిన జాతియట. ఆ పెట్టకు ధర కట్టి ఇచ్చెదనంటిని. "నువ్వే కట్టు. లెక్కలు చెప్పినదానివి గద" అనెను.

ఇంటికి వచ్చి నిజముగనే కట్టబోయితిని. నాటు పెట్ట ఏడాదికి మూడు ఈతలు పొదుగును. ఈతకు పదునొకండు లేచినను గద్దకు, ముంగిసకు, తెగులుకు పోగా అయిదు నిలుచును. ఏడాదికి పదునైదు, అందు సగము పెట్టలు. ఆ పెట్టలు ఎనిమిది నెలలకు గ్రుడ్లకు వచ్చును. రెండవ ఏట లెక్క పుటను దాటిపోయెను. వడ్డీ లెక్కలలో మా ఊరి వ్యాపారులను మించినదానను, ఆ లెక్కను ముగింపలేకపోయితిని.

ఆమె పెట్టను ఊరక ఇయ్యలేదు, నేను కొందునన్నను అమ్మలేదు. "పొదుగుకు ఇస్త. లేసిన పిల్లల్లో సగం నావి. పిల్లలు పెద్దగైనంక పెట్ట నాకు తిరిగి రావాలె. ఈసారి లెక్క రాసుకో పంతులమ్మా" అనెను. అట్లే నేను నూఱు పుటల పుస్తకమొకటి కొని, తేదీ వేసి వ్రాసితిని.

బాతుగ్రుడ్డు కోడిగ్రుడ్డు వంటిది కాదు. కోడికి ఇరువదియొక్క దినములైనచో బాతునకు ఇరువదియెనిమిది. పెంకు దళసరి, తేమ కావలెను. తల్లిబాతు నీటిలో మునిగి తడి కడుపుతో వచ్చి కూర్చుండును గనుక ఆ తేమ తానే అబ్బును. కోడి క్రింద పెట్టినప్పుడు మనమే గోరువెచ్చని నీరు చిలుకరింపవలెను. ఈ మాట ఆమెయే చెప్పినది. ఏడవ రాత్రి గ్రుడ్లను టార్చి వెలుతురులో చూచితిమి. ఎనిమిదింటిలో ఎఱ్ఱని సాలెగూడు వంటి నరములు, ఒకటి తేట. పెట్ట దినమునకొక్కసారి లేచును; గబగబ నాలుగు నూకలు తిని, నీళ్ళు త్రాగి, దుమ్ములో ఒక పొర్లు పొర్లి, పరుగున వచ్చి కూర్చుండును. చేయి పెట్టినచో పొడుచును. కాని గ్రుడ్డు జరిగినచో ముక్కుతో ఎంత మెల్లగా లోనికి లాగుకొనునో! ఇరువదియొకటవ దినము వచ్చినది, పిల్లలు రాలేదు. లేచిపోవునేమో యని నేను రాత్రి రెండుసార్లు లేచి చూచితిని. పెట్ట కదలలేదు. ఇరువదియేడవ రాత్రి గంప దగ్గర కిచకిచ వినబడెను. పెట్ట గొంతులో సన్నని గుఱగుఱతో బదులిచ్చుచుండెను. మావారు కూడ లేచి వచ్చి నా ప్రక్కన నిలిచిరి. నేనేడ్చుచుంటినని చూచి, ఏమియు అడుగలేదు.

ఎనిమిది పిల్లలు లేచినవి. నాలుగవ దినమున పెరటిలోని బావి దగ్గర, బట్టలుతుకు నీరు నిలుచు గుంటను అవి చూచినవి. చూచి, ఒకదాని వెనుక నొకటిగా దిగి ఈదసాగినవి. పెట్ట గట్టుమీద చేసిన గోల చెప్ప నలవికాదు. ఈకలు నిక్కబొడుచుకొని, ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తి, నీటిలో ఒక కాలు పెట్టి, తీసి, ప్రపంచములోని గద్దలన్నియు ఒక్కమాఱు వచ్చినట్లు అఱచినది. పిల్లలు వినిపించుకొనలేదు. వారమునకు అది గట్టుమీద కూర్చుండి వేచియుండుట నేర్చుకొన్నది.

బాతుపిల్లలకు పొడిమేత గొంతు దిగదు. ప్రక్కన నీరుండవలెను, అదియు ముక్కుపుటములు, కన్నులు మునుగునంత లోతుండవలెను. అన్నిటికన్న ముఖ్యముగా బూజుపట్టిన గింజ తగులరాదు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీకోళ్ళు చచ్చినప్పుడు కారణము వెదకగా, వేరుసెనగపిండిలోని బూజువిషము బయటపడెను. ఆ విషమునకు బాతుపిల్లలు మిక్కిలి త్వరగా లోబడును. ఇదంతయు నేను తరువాత చదివినది. వర్షమునకు తడిసి ఆఱిన మొక్కజొన్నను చెఱిగి వేసితిని. కొలది గింజలే నల్లబడినవి కదా యని. ఒక పిల్ల కుంటి, రెండు దినములకు తలవ్రాల్చి చనిపోయెను. తక్కినవానికి వెంటనే ఆ మేత మాన్పితిని.

రెండు నెలలకు ఆమె తన భాగమునకు వచ్చెను. నేను పుస్తకము తెఱచి చదివితిని: గ్రుడ్లు 9, లేచినవి 8, పోయినది 1, ఉన్నవి 7. ఏడింటిని సగము చేయుటెట్లని తలగోకికొనుచుండగా ఆమె గుంటవైపు చూచుచు, "నాలుగు నావి, మూడు నీవి" అనెను.

"అదెట్లక్కా? పోయినది ఇద్దరిది కాదా?"

"బూజు గింజలు ఏసింది నువ్వు. చచ్చింది నీ సగంలది."

మావారు వార్తాపత్రిక మడచి, "న్యాయముగనే ఉన్నది" అనిరి. కోళ్ళ విషయమున వారు నా పక్షము కాక ఇంకొకరి పక్షమున మాటలాడుట అదియే మొదలు. నేను వ్రాసితిని: ఆమెకు 4, నాకు 3. ఆమె నాలుగింటిని గంపలో కమ్మి, గంపను నెత్తిన పెట్టుకొని, పెట్టను చంక నిఱికించుకొని బయలుదేఱెను. వాకిలి దాటువఱకును పెట్ట మెడ వెనుకకు త్రిప్పి గుంటలోని మూడింటిని చూచి అఱచుచునే యుండెను. అవి తలలు నీట ముంచి నత్తలను వెదకుచుండెను.